సారా ఉద్యమం ఆడవాళ్ల నోట: మౌఖిక చరిత్ర సేకరించే పద్ధతి

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన సంగతి తెలియని తెలుగువాళ్లు తక్కువ. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చిందని కాగితాల్లో ఉంది. కొట్టు ముందు రాత్రిళ్లు ఎవరెవరు కాపలా కూర్చున్నారు, ఆ పూట వాళ్ల పిల్లలకు అన్నం ఎవరు పెట్టారు, తెల్లారి ఇంటికి వెళ్తే మొగుడు ఏమన్నాడు, ఇవి మాత్రం ఏ జీవోలోనూ దొరకవు. ఆ ఉద్యమాన్ని ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ గారు 2016లో పోయారు. ఉద్యమం నాటికి ముప్పై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. యాభై ఉన్నవాళ్లు ఇంకా మాట్లాడగలిగే స్థితిలో దొరికితే అదృష్టం. అందుకే ఆ ఆడవాళ్ల మాటలు వాళ్ల నోటే రికార్డు చేసి దాచే ఈ పని వాయిదా వేసేది కాదు.

హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల మాటలను రికార్డు చేసి 1986లో పుస్తకంగా తెచ్చింది. తెలుగులో ఈ పనికి దారి వేసింది వాళ్లే. నాయకుల జ్ఞాపకాల్లో కనపడని పోరాటం ఆ స్త్రీల మాటల్లో కనపడింది. సారా ఉద్యమానికీ అదే చేయాలి. ఒక్క ఊరి కథ, ఒక్క మనిషి కథ దగ్గర ఆగకుండా.

ఊరికి వెళ్లే ముందు

ఒక అట్ట మీద కాలరేఖ రాసుకోండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ దశాబ్దంలోనే వారుణి వాహిని పథకం కింద ప్రభుత్వ సారా ప్యాకెట్లలో పల్లెలకు చేరింది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం సాగింది, ఊరూరా రాత్రి బడులు నడిచాయి. 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993లో నిషేధాలు వచ్చాయి. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఈ అట్ట మీ సంచిలోనే ఉండాలి, మీతో మాట్లాడే ఆవిడ ముందు పొరపాటున కూడా తీయకూడదు. తీస్తే ఆమె మీ తేదీలకు సరిపోయేలా చెప్పడం మొదలుపెడుతుంది.

రికార్డరు లేకుండా మొదటిసారి వెళ్లండి. కాసేపు కూర్చుని, ఏం పని మీద వచ్చారో చెప్పి, ఎప్పుడు తీరికో అడిగి వచ్చేయండి. నాట్లప్పుడు, కోతలప్పుడు, ఉపాధి పనులున్న ఉదయాల్లో వెళ్తే నిలబడి రెండు మాటలు చెప్పి పంపేస్తారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక రెండింటి నుంచి ఐదింటి దాకా మంచి సమయం. ఇద్దరు వెళ్లండి, అందులో ఒక్కరన్నా ఆడమనిషి ఉండాలి. ఒకరు మాట్లాడితే ఒకరు యంత్రం చూసుకోవాలి. నలుగురైదుగురు వెళ్తే ఎన్నికల ప్రచారం అనుకుంటారు.

ఎవరిని అడగాలి

ఈ పని ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఊళ్లోకి వెళ్లి "సారా ఉద్యమంలో ఎవరున్నారు?" అని అడిగితే పొదుపు సంఘం లీడరు ముగ్గురిని చూపిస్తుంది. విలేఖరులు వచ్చినా, పరిశోధక విద్యార్థులు వచ్చినా చూపించింది ఆ ముగ్గురినే. వాళ్లను తప్పక కలవండి, కానీ అక్కడే ఆగిపోవద్దు. ఒక్కో ఊళ్లో కనీసం ఐదారుగురు కావాలి: సభల్లో మాట్లాడిన ఆవిడ, ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన ఆవిడ, రాత్రి బడిలో చదువు చెప్పిన వాలంటీరు, మొగుడు వద్దన్నాడని రోడ్డెక్కకుండా ఇంట్లోనే ఉండిపోయిన ఆవిడ, కుదిరితే కొట్టు నడిపిన ఇంటి ఆడవాళ్లలో ఒకరు. రోడ్డెక్కని ఆవిడను అడగడం దేనికని చాలామంది అనుకుంటారు. ఉద్యమంలోకి రావడానికి ఎంత ఖరీదు చెల్లించాల్సి వచ్చేదో ఆమెకే తెలుసు.

కాలనీ వాళ్లను కాలనీలోనే, వాళ్ల ఇంటి దగ్గరే కలవండి. ఊళ్లో పెద్దింటి అరుగు మీదికి పిలిపించి మాట్లాడిస్తే ఆ అరుగు మీద చెప్పదగ్గ మాటలే చెబుతారు. కూలి దొరికేది ఆ ఇంటి పొలంలోనే అయితే ఇక చెప్పనక్కర్లేదు. ప్రతి మనిషి దగ్గరా లేచేముందు "ఆ రోజు మీ పక్కన ఎవరున్నారు? వాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" అని అడగండి. జాబితా అలా పెరగాలి. కొందరు కూతుళ్ల దగ్గరికి చెన్నైకో బెంగళూరుకో వెళ్లిపోయి ఉంటారు. కోడలి ఫోను నంబరు తీసుకుంటే దొరుకుతారు.

ఒప్పుకోలు

ఫారం మీద సంతకం పెట్టించుకుంటే ఒప్పుకున్నట్టేనని అనుకోవద్దు. చదివి వినిపించి, నాలుగు విషయాలు విడివిడిగా అడగాలి. పేరు రాయొచ్చా? ఫొటో వాడొచ్చా? గొంతు ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా? ఆమె పోయాక ఎవరిని అడగాలి? మాటల్లో ఇలా ఉండాలి: "పెద్దమ్మా, మీరు చెప్పేది ఈ మిషన్లో పడుతుంది. రేపు ఎవరైనా వినొచ్చు. మీ ఊరివాళ్లూ వినొచ్చు. వద్దనిపించిన మాట ఎప్పుడైనా తీసేయమనొచ్చు." "మీ ఊరివాళ్లూ వినొచ్చు" అన్న వాక్యం వదలొద్దు. వినేది ఎక్కడో హైదరాబాదులో వాళ్లనుకుని ధైర్యంగా చెప్పిన మాట, పక్కింటి కుర్రాడి ఫోన్లో మోగిన రోజున ఆమె తలెత్తుకోలేదు.

ఈ అంగీకారం రికార్డింగులో కూడా పడాలి. వేలిముద్ర వేసేవాళ్లకు అదే ముఖ్యమైన సాక్ష్యం. మాటలన్నీ అయ్యాక అవే నాలుగు ప్రశ్నలు మళ్లీ అడగండి. చెప్పకముందు సరే అన్నవాళ్లు చెప్పాక మనసు మార్చుకోవడం మామూలే. ఫలానావాడు కొట్టాడని, ఫలానా కాంట్రాక్టరు మనుషుల్ని పంపాడని పేర్లు వస్తే, బయటికి ఇచ్చే కాపీలో ఆ పేర్లు తీసేయాలి. అసలు కాపీలో ఉంచి, ఎన్నేళ్లు మూసి ఉంచాలో ఆమెతోనే నిర్ణయించుకోండి.

కూలి పోగొట్టుకుని కూర్చున్న మనిషికి ఆ రోజు కూలి ఇవ్వడం న్యాయం. అందరికీ ఒకే మొత్తం ఇవ్వండి, ఇస్తామని ముందే చెప్పండి. కథ బాగా చెప్పినందుకు చివర్లో చేతిలో పెట్టినట్టు ఉంటే, తర్వాతి ఇంట్లో కథ ఇంకాస్త పెరుగుతుంది. పింఛను ఇప్పిస్తామని, పేపర్లో వేయిస్తామని మాత్రం ఆశ పెట్టొద్దు.

యంత్రం, గది

ఫోను చాలు, కానీ దానికి కాలరు మైకు తప్పనిసరి. మైకును గడ్డం కింద జానెడు దూరంలో జాకెట్టు అంచుకో పైట మడతకో పెట్టాలి. పట్టుచీర, బాగా గంజి పెట్టిన చీర రాపిడికి గరగరమంటాయి. అప్పుడు మైకు కాస్త పైకి జరపండి. గాజులు మోగుతాయి, తీయమనొద్దు, చేతులు ఒళ్లో పెట్టుకునేలా ఒక దిండు ఇవ్వండి. ఫోన్ను ఏరోప్లేన్ మోడులో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగు అక్కడితో ఆగిపోతుంది, ఆ సంగతి మీకు గంట తర్వాత గాని తెలియదు.

ఎంపీత్రీలో కాకుండా వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనోలో రికార్డు చేయండి. గంటకు దాదాపు 520 ఎంబీ అవుతుంది, 32 జీబీ కార్డులో అరవై గంటలు పడుతుంది. స్థలం చాలదనే సాకు లేదు. ఇంకో ఫోను పక్కన పెట్టి రెండో రికార్డింగు నడిపించండి.

వెళ్లగానే అర నిమిషం మాట్లాడకుండా రికార్డు చేసి ఇయర్‌ఫోన్లో వినండి. మన చెవి పట్టించుకోని శబ్దాలన్నీ అందులో బయటపడతాయి. సీలింగ్ ఫ్యాన్, ఫ్రిజ్, పక్కింటి టీవీ సీరియల్, వీధి కుళాయి. ఫ్యాను ఆపితే ఉక్కకు పెద్దవాళ్లు పది నిమిషాలకే అలిసిపోతారు. పక్కన దూరంగా టేబుల్ ఫ్యాను పెట్టి గాలి మైకుకు కాకుండా కాళ్లకు తగిలేలా తిప్పండి. రేకుల ఇంట్లో వాన పడితే ఆపేయడం తప్ప మార్గం లేదు. సిమెంటు గది మార్మోగుతుంటే మంచం మీద బొంత పరిచి, దండెం మీద చీరలు అలాగే ఉంచండి. బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి.

గంటన్నర దాటొద్దు. మిగిలింది ఇంకో రోజు.

అడగడం

"మీరు ఉద్యమంలోకి ఎందుకు వచ్చారు?" అనేది చెడ్డ మొదటి ప్రశ్న. దానికి వేదిక మీద చెప్పే జవాబే వస్తుంది. "తాగుడుతో కుటుంబాలు నాశనమవుతుంటే చూడలేక..." అని మొదలై పది వాక్యాల్లో ముగుస్తుంది. అది అబద్ధం కాదు. చెప్పి చెప్పి అరిగిపోయిన మాట అంతే. నెల్లూరు జిల్లా విషయంలో ఇంకో చిక్కుంది. రాత్రి బడి వాచకంలో తాగుడు మీద సీతమ్మ పాఠం ఉండేది, తర్వాత దూబగుంట సంగతే పాఠంగా ఎక్కింది, ఈనాడు పత్రిక రోజుల తరబడి ఊరూరి వార్తలు వేసింది. అందువల్ల ఒక ఊరి ఆడవాళ్లు చేసిన పనీ, చదివిన పాఠమూ, పేపర్లో చూసిన బొమ్మా జ్ఞాపకంలో కలిసిపోయి ఉండొచ్చు. వాటిని విడదీసేది చిన్న చిన్న ప్రశ్నలే.

చోటుతో మొదలుపెట్టండి. "సారా కొట్టు ఎక్కడుండేది? మీ ఇంటి నుంచి అక్కడికి ఏ దారిన పోయేవాళ్లు? దారిలో ఎవరి ఇళ్లు తగిలేవి?" నేల మీద సుద్దముక్కతో వీధి గీయమనండి. గీస్తూ గీస్తూ "ఇదిగో ఇక్కడ వేపచెట్టు కింద కూర్చున్నాం" అంటుంది. అక్కడి నుంచి కథ తనంతట తానే నడుస్తుంది. గీసినదాన్ని ఫొటో తీయండి.

ఒక నమూనా:

"కొట్టు కాడికి పోతిమి, మూయిస్తిమి."
"పోయేటప్పుడు మీ పక్కన ఎవరున్నారు పెద్దమ్మా?"
"మూలింటి కోడలు. చంకలో బిడ్డ."
"బిడ్డను ఎత్తుకునే వచ్చిందా?"
"యాడ పెట్టొస్తది? ఇంట్లో మొగుడు తాగి పడున్నాడు."

మొదటి వాక్యం దగ్గరే "ఆహా, చాలా ధైర్యం చేశారు" అని ఉంటే ఆ బిడ్డ ఈ రికార్డులోకి వచ్చేది కాదు. మెచ్చుకోవడం మనసులో పెట్టుకోండి.

మాట పెదవి దాకా తెచ్చి ఇవ్వొద్దు. "చీపుర్లు, కారప్పొడి పట్టుకెళ్లారట కదా?" అంటే "ఆఁ, పట్టుకెళ్లాం" అంటారు. "చేతిలో ఏముంది?" అని అడగండి. ఏమీ లేదు అన్న జవాబు కూడా చరిత్రే. డబ్బు గురించి కూడా అంతే. ప్యాకెట్టు ఎంత, ఆ రోజుల్లో ఆడకూలి ఎంత, మగకూలి ఎంత, ఇంటికి ఎంత చేరేది అని అడగండి, అంకెలు మీరు అందించకండి.

ఆమె ఆగితే మీరు ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. చాలాసార్లు ఏడో ఎనిమిదో లెక్కలో ఉండగానే అసలు మాట వస్తుంది.

వినడంలో తెలుగు మనకు రెండు పనిముట్లు ఇచ్చింది. ఒకటి, "మేము", "మనం" తేడా. "మేం పోయాం" అంటే వినేవాళ్లు అందులో లేరు. "మనం పోయాం గదా" అంటూ పక్కన కూర్చున్న ఆవిడ వైపు తిరిగితే ఇద్దరూ ఉన్నారన్నమాట. "మేము" అన్న ప్రతి చోటా వీలు చూసుకుని "మీరంటే ఎవరెవరు?" అని అడగండి. ఒకసారి ఆ మాటలో కాలనీ ఆడవాళ్లు ఉంటారు, ఇంకోసారి ఉండరు. ఉద్యమం లోపలి గీతలు అక్కడ కనపడతాయి. రెండోది, "అంట". "పోలీసులు కొట్టారు" వేరు, "కొట్టారంట" వేరు. మొదటిది చూసింది, రెండోది విన్నది. విన్నదైతే ఎవరు చెప్పారో అడగండి.

గెలుపు దగ్గర ఆపేయొద్దు. 1997లో సడలింపు వచ్చిన రోజుల గురించి అడగండి. తర్వాత బెల్టు షాపు ఊళ్లోకి ఎప్పుడొచ్చింది, మళ్లీ ఎవరైనా అడ్డుపడ్డారా, అప్పుడు ఎందుకు జనం కలిసిరాలేదు? చాలామంది ఈ భాగం అడగకుండా ఇంటికొచ్చేస్తారు. ఆడవాళ్లు నిజంగా చెప్పాలనుకునేది చాలాసార్లు ఇదే.

దెబ్బల సంగతులు, పోయిన బిడ్డల సంగతులు వస్తాయి. ఆపమంటే వెంటనే ఆపండి. ఆమె ఏడుస్తుంటే యంత్రం ఆపి మంచినీళ్లు ఇవ్వండి, మళ్లీ మొదలుపెట్టాలో వద్దో ఆమే చెప్పాలి. ఏడుపు మీద లేచి రావొద్దు. టీ తాగి, మనవళ్ల చదువులు, ఈ ఏటి పంట మాట్లాడి, ఆమె ముఖం మామూలయ్యాకే బయల్దేరండి. ఇంకా ఆ మొగుడితోనే కాపురం ఉంటే, అతను ఇంట్లో ఉన్నప్పుడు ఆ ప్రశ్నలు అసలు ఎత్తొద్దు.

తేదీలు పట్టుకోవడం

సంవత్సరం అడిగితే ఎవరికీ గుర్తుండదు. అందరికీ గుర్తున్న సంగతులకు ముడిపెట్టండి. రాజీవ్ గాంధీ పోయింది 1991 మే 21, ఎన్టీఆర్ పోయింది 1996 జనవరి 18. "అంతకు ముందా, తర్వాతా?" అని అడగండి. ఇంటి సంగతులు ఇంకా గట్టివి. "అప్పటికి చిన్నబ్బాయి పాలు తాగుతున్నాడా, బడికి పోతున్నాడా?" అని అడిగి, ఆ అబ్బాయి ఆధార్ కార్డులో పుట్టిన తేదీ చూస్తే ఒకటి రెండేళ్ల తేడాలోకి వచ్చేస్తారు. ఆ తేదీ బడిలో వేసిందే అయి ఉంటుంది కాబట్టి అంతకంటే నమ్మొద్దు. నెల తెలియాలంటే నాట్లు, కోతలు, సంక్రాంతి అడగండి. నెల్లూరులో రొట్టెల పండగ అప్పుడని చెబితే జాగ్రత్త. అది మొహర్రంతో నడుస్తుంది, ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తూ ఉంటుంది. 1992లో అది జులైలో పడింది. ఈ ఏడు వచ్చిన నెల చూసి ఆ ఏటి లెక్క వేయకూడదు.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. ఫైలును మూడు చోట్ల పెట్టాలి: కంప్యూటర్లో ఒకటి, బయటి హార్డుడిస్కులో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న మనిషి దగ్గరో ఆన్‌లైన్‌లోనో ఒకటి. ఇది పూర్తయ్యేదాకా కార్డు చెరపొద్దు. ఫైలు పేరు అన్నిటికీ ఒకే వరుసలో ఉండాలి: ఊరు, మనిషి సంఖ్య, తేదీ, ఎన్నో భాగం. మనిషి పేరు ఫైలు పేరులో పెట్టొద్దు. పేర్లు, సంఖ్యలు కలిపి రాసిన పుస్తకం విడిగా, తాళం వేసిన చోట ఉండాలి.

గంట మాటను రాతలో పెట్టడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే ఇంకా ఎక్కువ. మాటను రాతగా మార్చే యాప్‌లు పత్రికల తెలుగును బాగానే పట్టుకుంటాయి, పల్లె మాట దగ్గర తడబడతాయి. "పోతిమి"ని "పోతే మీ" అని రాస్తాయి. చిత్తుప్రతికి వాడుకోండి, ప్రతి వాక్యం విని దిద్దండి. దిద్దడమంటే భాషను బాగుచేయడం కాదు. "యాడ", "అట్టా", "చేస్తిమి" అలాగే ఉండాలి. "ఎక్కడ", "అలా", "చేశాము" అని మార్చిన క్షణాన ఆ గొంతు ఆమెది కాకుండా పోతుంది. "అంట" ఒక్కటి కూడా రాలిపోకూడదు. నిమిషానికోసారి సమయం గుర్తు వేయండి. వినపడని చోట ఊహించి రాయకుండా వినపడలేదని రాయండి.

తర్వాత కాగితాలతో సరిచూడాలి. పాత పత్రికలకు హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బాపట్ల జిల్లా వేటపాలెంలో సారస్వత నికేతనం మంచి చోట్లు. వేలంపాటల రికార్డులకు జిల్లా ఎక్సైజు కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. "సారా ఉద్యమం వివరాలు" అని అడిగితే ఏమీ రాదు. "1992లో ఫలానా మండలంలో వేలం వాయిదా పడిన తేదీలు, ఉత్తర్వుల నకళ్లు" అని అడగాలి.

ఆమె చెప్పింది ఒకటి, పేపర్లో ఉన్నది ఒకటి అయితే ఆమె మాట మార్చొద్దు. రెండూ ఉంచి, కింద ఒక గమనిక రాయండి. యాభై మంది పోయారని పేపరు, ఊరంతా కదిలిందని ఆమె అంటే, ఆ రోజు ఆమెకు ఊరంటే ఎవరో ఆలోచించాల్సిన పని మనది.

రాత పూర్తయ్యాక మళ్లీ ఊరికి వెళ్లి ఆమెకు చదివి వినిపించండి. తీసేయమన్నవి తీసేయండి, కలపమన్నవి వేరే తేదీతో కలపండి. ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా వినడానికి వీలుగా చిన్న ఎంపీత్రీ కాపీ, పెద్దక్షరాల్లో అచ్చు వేసిన రాతప్రతి ఆమెకు ఇవ్వండి. అందరి రాతప్రతులు కలిపిన సంపుటం ఒకటి ఊరి బడికో గ్రంథాలయానికో, ఒకటి జిల్లా గ్రంథాలయానికి చేరాలి. ఇచ్చిన రోజున రసీదు తీసుకోండి. మూసి ఉంచమన్న భాగాలు ఆ సంపుటాల్లో లేవని ఇంకోసారి పేజీ పేజీ తిప్పి చూసుకున్నాకే ఇవ్వండి.